దవడ అతికేదాకా

నోరు తెరవకుండా ఎన్ని తిట్లు తిట్టవచ్చో నాకు బాగా తెలుసు. పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి డాక్టరు తీగలు బిగించేశాక, మనం ఎంత పెద్ద తిట్టు తిట్టినా బయటికి మూలుగే వస్తుంది. ఎదుటివాళ్లేమో పాపం నొప్పితో మూలుగుతోందనుకుని జాలిపడతారు. ఆ జాలి చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

మాది ఎల్లారెడ్డి. ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మా. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. బాపు పోయి చాలా ఏళ్లయింది. అవ్వ బీడీలు చుడుతుంది. నేను డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగం తప్ప ఇంకోటి ఆలోచించలేదు. ప్రిలిమ్స్ గట్టెక్కాను. ఇక మిగిలింది ఈవెంట్స్, అంటే పరుగు, లాంగ్‌జంప్, గుండు విసరడం. పరుగులో తప్పితే మిగతా రెండూ ఎలా చేస్తావని అడిగేవాళ్లు కూడా ఉండరు, నేరుగా ఇంటికే. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, పడేనాటికి నాకు వయసు మిగులుతుందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే పిచ్చిదానిలా పరిగెత్తేదాన్ని.

నాగిరెడ్డిపేట వైపు రోడ్డు చదునుగా ఉంటుంది. బస్సులు మొదలు కాకముందే వెళ్లి పరిగెత్తి వచ్చేదాన్ని. కానీ యాసంగి కోతలయ్యాక ఆ రోడ్డులో సగం మనుషులది కాదు, వడ్లది. నల్ల కవర్లు పరిచి వడ్లు ఆరబోస్తారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఏ రాయి ఎక్కడుందో నాకు కంఠతా వచ్చనుకున్నాను. ఆ రోజు ఎవరో కొత్తగా వడ్లు తెచ్చి పోశారు, రాళ్లు ఇంకాస్త ముందుకు జరిగాయి. మసక వెలుతురులో కాలికి రాయి తగిలింది. చేతులు చాపేలోపే గడ్డం వెళ్లి రోడ్డుకు కొట్టుకుంది. పక్కనే మంచం మీద కావలి పడుకున్న రైతు లేచొచ్చి, టార్చి ముందు వడ్ల మీద వేసి, తర్వాత నా మీద వేశాడు.

"అయ్యో బిడ్డా, జర సూస్కోని ఉరకొద్దా?" అన్నాడు.

నా నోటి నిండా రక్తం. లేకపోతే అతనికి ఆ పొద్దు నా చేతిలో మూడేది. తర్వాత అతనే తన బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దించాడు, అదీ చెప్పాలి.

కామారెడ్డిలో ఆపరేషన్ అయింది. దవడ రెండు చోట్ల విరిగిందట. లోపల ప్లేట్లు వేసి, పైన పళ్లకు తీగలు కట్టారు. నెలన్నర దాకా నోరు తెరవకూడదు. ఇంటికి పంపేముందు డాక్టరు అవ్వను కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు.

"ఏం పెట్టినా మిక్సీలో వేసి, వడగట్టి, పలుచగా తాగించాలమ్మా. కానీ ఉత్త గంజి పోయొద్దు. పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు, చికెన్ సూపు, అన్నీ ఇవ్వాలి. ఎముక అతకాలంటే బలం కావాలి కదా."

"గట్లనే సారూ," అంది అవ్వ.

నేను ఫోనులో టైపు చేసి డాక్టరుకు చూపించాను: మళ్లీ ఎప్పుడు పరిగెత్తొచ్చు? ఆయన నవ్వాడు. ముందు దవడ అతకనిమ్మన్నాడు. అప్పటిదాకా నడక చాలన్నాడు. బరువు తగ్గకుండా కాపాడుకుంటే, తీగలు తీశాక మెల్లగా మొదలుపెట్టి ఈవెంట్స్ నాటికి అందుకోవచ్చన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. బరువు తగ్గకూడదు, అంతే.

వచ్చిన మర్నాడే గుడ్ల అట్ట తెప్పించాను. కందిపప్పు, పల్లీలు, పాల పాకెట్లు. మా ఇంట్లో అప్పటిదాకా మిక్సీ పండగకు పచ్చళ్లు నూరడానికే బయటికొచ్చేది. ఇప్పుడు పొద్దున లేస్తే దాని రొద. అవ్వ అన్నీ రుబ్బి, చాయ్ జాలీలో వడగట్టి, సూది లేని పెద్ద సిరంజిలోకి లాగి ఇచ్చేది. నేను దాని మూతిని చివరి దంతాల వెనక ఉన్న సందులోకి దూర్చి నెమ్మదిగా ఒత్తుకునేదాన్ని. సగం లోపలికి, సగం మెడ మీదికి. ఒక గ్లాసు తాగడానికి ఒక పూట పట్టేది. కింది పెదవి మొద్దుబారిపోయింది. నోరు పుక్కిలించడానికి ఇచ్చిన మందు వల్ల నాలుకకు రుచులన్నీ ఒకటైపోయాయి. పప్పు తాగినా పాలు తాగినా ఏదో ఇత్తడి చెంచా నాకినట్టే ఉండేది.

"పప్పు బాగా పలుచగా ఉందవ్వా," అని పళ్ల మధ్య నుంచి గొణిగాను ఒకసారి.

"డాక్టర్ పల్సగ జెయ్యుమనె గదా బిడ్డా. తాగు, ఊకె వంకలు వెట్టకు," అంది.

పసుపు పచ్చగానే ఉంది. తాగాను.

చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. నోటికి తీగలు కట్టారని తెలిసే వస్తారు. వచ్చేటప్పుడు ఆపిల్ పళ్లు తెస్తారు. ఒకాయన కాల్చిన మక్కకంకులు తెచ్చాడు, వేడిగా, ఉప్పూకారం రాసి! ఎదురుగా కూర్చుని అతనే ఒకటి కొరుక్కు తిన్నాడు. నేను లేచి దొడ్లోకి వెళ్లిపోయాను.

కూర్చోవడం నాకు చేతకాదు. మాట్లాడడం పోయింది, తినడం పోయింది, ఉరకడం పోయింది. ఇక ఆ పగళ్లను ఏం చేసుకోవాలి? ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేదాన్ని. దాబా మెట్లు ఎక్కి దిగేదాన్ని. గోడకు ఆనుకుని కుర్చీ వేసినట్టు కూర్చుని తొడలు వణికేదాకా ఆగేదాన్ని. అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి చుడుతూ, నన్నే చూసేది.

"ఓ పిల్లా, నువ్వు తిరుగుతుంటే నా కండ్లు తిరుగుతున్నయ్. జర ఒక్క దిక్కు కూసో."

నేను కూర్చోలేదు. తోటివాళ్లంతా ఇప్పుడు గ్రౌండులో ఉంటారు, నాకంటే ఒక చుట్టు ముందుంటారు, రేపటికి ఇంకో చుట్టు. ఈ లెక్క నా బుర్రలో మిక్సీలాగా తిరుగుతూనే ఉండేది. గ్రూపులో వాళ్లు పెట్టే ఫొటోలు చూసి ఫోను మంచం మీదికి విసిరేసి, మళ్లీ నేనే వెళ్లి తీసుకునేదాన్ని.

కొన్నాళ్లకు ట్రాక్ ప్యాంటు నడుము దగ్గర నిలవడం మానేసింది. దారం బిగించి ముడేశాను. మెట్లెక్కితే ఆయాసం. జుట్టు దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. తీగలు కట్టినవాళ్లందరికీ ఇంతేనేమో అనుకున్నాను. ఒక పొద్దున డాక్టరు మాట పక్కన పెట్టి కాలేజీ గ్రౌండుకు వెళ్లాను. ఉరకలేదు, గబగబా నడిచానంతే. ఒక చుట్టు పూర్తి కాకముందే చెవుల్లో హోరు మొదలైంది, కాళ్లు మడతపడ్డాయి. కళ్లు తెరిచేసరికి ఎవరో నా ముఖం మీద నీళ్లు చల్లుతున్నారు. నోరు తెరుచుకోదు, ముక్కుతో ఊపిరి చాలడం లేదు. చచ్చిపోతాననుకున్నాను. అంత భయం ఆపరేషన్ బల్ల మీద కూడా వేయలేదు.

అవ్వ నన్ను కామారెడ్డి బస్సెక్కించింది. డాక్టరు నన్ను బరువు మెషీన్ ఎక్కించి, ఫైలు చూసి, మళ్లీ ఎక్కించాడు.

"ఏం తాగుతున్నావమ్మా?"

పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు అని టైపు చేసి చూపించాను.

"ఇవన్నీ తాగితే ఇలా ఎందుకవుతావు?" అని అవ్వ వైపు తిరిగాడు. "అన్నీ ఇస్తున్నారా అమ్మా?"

"ఇస్తున్న సారూ," అంది అవ్వ, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ.

ఎముక అతకడం కూడా మందకొడిగా ఉందన్నాడు. తీగలు ఇంకొన్ని రోజులు ఉంచాలన్నాడు. ఇదే తీరున పోతే ఈ ఈవెంట్స్ సంగతి మరిచిపొమ్మన్నాడు. నేను లేచి బయటికొచ్చి వరండాలో నిలబడి ఏడ్చాను. ఏడుపు కూడా సరిగ్గా రాదు, ముక్కు మూసుకుపోతుంది, నోటితో ఊపిరి తీసుకోవడానికి లేదు. ఆపుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దమ్మ చూడ్డానికొచ్చింది. వాడలో బాలింతకైనా, ఆపరేషన్ అయినవాళ్లకైనా ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో చెప్పేది ఆవిడే. మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నీ అదృష్టం బిడ్డా, గిసొంటి తల్లి దొర్కది. ఏం పథ్యం జేస్తున్నదే! పప్పు సుక్క ముట్టనియ్యలే, గుడ్డు వాసన తాకనియ్యలే. అందుకే సూడు, జరంత గుడ సీము వట్టలే. ఆ గుడ్లన్ని మా ఇంటికే ఇస్తున్నది, మా పోరగాండ్లు తింటున్నరు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద గిన్నెలో నా రాత్రి పూట పప్పు ఉంది. వేలు ముంచి చూశాను. నూకల గంజి. అందులో పసుపు. పప్పు బద్ద అనేది లేదు. కందిపప్పు డబ్బా మూత తీస్తే, నేను తెప్పించినప్పుడు ఎంతుందో అంతే ఉంది.

పెద్దమ్మ ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియదు. నేను మాత్రం ఆగలేదు. గిన్నె ఎత్తి దొడ్లోకి విసిరేశాను. మిక్సీ జారు నేలకేసి కొట్టాను. ఎన్ని తిట్లు తిట్టానో! దొంగవన్నాను, నా నోట్లో మన్ను కొట్టావన్నాను, నా నౌకరీ మింగావన్నాను. అన్నీ పళ్ల వెనకే నలిగిపోయి, చొంగతో కలిసి మూలుగులై కారాయి. ఒక్క ముక్క అయినా ఆమెకు తెలిసిందో లేదో. తెలియనందుకు ఇంకా మండింది.

అవ్వ గడప మీద కూర్చుంది. నేను అలిసిపోయేదాకా ఆగి, అప్పుడు మాట్లాడింది.

"మీ బాపుకు కాలు ఆపరేషన్ అయినప్పుడు నువ్వు సిన్నగున్నవ్. అప్పుడు గుడ డాక్టరు గిట్లనే జెప్పిండు. గుడ్డు వెట్టు, పప్పు వెట్టు అన్నడు. అందరు వద్దన్నరు. నేను డాక్టర్ మాటే ఇన్న. నా చేతుల్తోని కలిపి పెట్టిన. ఆయనకు పుండు మానలే. సీము వట్టింది, పైకి వాకింది. ఆఖరుకు మనిషే పోయిండు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నౌకరి వోతే వోనీ బిడ్డా. నువ్వు గుడ వోతే నేనేం జెయ్యాలె?"

బాపుకు షుగరు ఉండేది. ఆయన పుండు మానకపోవడానికి కారణం అదే, గుడ్డు కాదు. ఈ మాట టైపు చేసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. గొణిగి చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆమె తల ఊపింది. నమ్మి ఊపలేదు, నన్ను ఊరుకోబెట్టడానికి ఊపింది. బాపును తానే చంపుకున్నానని ఇన్నేళ్లూ అనుకుంటూ బతికిందా ఈమె? నాకు కోపం పోలేదు. కానీ ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాటి నుంచి నా తిండి నేనే చేసుకున్నాను. జారుకు అంచు పగిలినా తిరుగుతోంది. నేను గుడ్డు కొడుతుంటే అవ్వ లేచి బయటికి వెళ్లిపోయేది. నేను తాగాక వచ్చి, నా గడ్డం పైకెత్తి, ఫోను లైటు వేసి చిగుళ్లు చూసేది. రోజూ. ఎక్కడైనా ఎర్రగా కనిపిస్తే ఆ రోజంతా ఆమె చాటలో బీడీ కదిలేది కాదు. ఆమె చూపులకు నాకూ గొంతు దిగేది కాదు, సగం పారబోసేదాన్ని.

అలాంటి ఒక రోజు ఆకు కత్తిరిస్తుంటే ఆమె చెయ్యి జారి కత్తెర వేలికి దిగింది. లోతుగానే తెగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్లి చూస్తే, అవ్వ గోడ వైపు తిరిగి కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు తింటోంది. పక్కన గిన్నెలో ముద్దపప్పు. మందు మింగినట్టు కళ్లు మూసుకుని మింగుతోంది. ఒంటి మీద గాయముంటే ఆమె గుడ్డు ముట్టగా నేను పుట్టి ఎరగను.

ఏందవ్వా ఇది అన్నట్టు చూశాను.

"నువ్వు బయటికి వో," అంది అంతే.

ఆ తర్వాత కూడా రోజూ తింది. పొద్దున్నే గుమ్మం దగ్గర వెలుతురులో గుడ్డ విప్పి, వేలును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసుకునేది. నొక్కి చూసుకునేది. వాసన చూసుకునేది. నేను పలకరిస్తే కసిరేది. చివరికి ఒక పొద్దున నా మంచం దగ్గరికొచ్చి ఆ వేలు నా ముఖం ముందు పెట్టింది. గాటు మూసుకుపోయి పొలుసు కట్టింది.

"సూడు, ఎండింది," అంది. "సీము వట్టలే."

అని వెళ్లి మిక్సీ తిప్పింది. ఆ రోజు నుంచి ఆమె చేసిచ్చిన పప్పు నిజంగా పప్పే. అంత చిక్కగా చేసేది, సిరంజిలోకి ఎక్కేది కాదు. నేను మింగుతుంటే మాత్రం అప్పటికీ ఆమె గొంతు కదిలేది. నాతోపాటు తనూ మింగేది.

తీగలు తీశాక నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. డాక్టరు చెప్పిన కసరత్తుతో రోజూ కొంచెం కొంచెం తెరుచుకుంది. మెత్తటి అన్నం, తర్వాత రొట్టె పాలలో నానేసి, తర్వాత చేపముక్క. కాళ్లలోకి సత్తువ వచ్చింది. గ్రౌండుకు వెళ్లాను. మొదట్లో నడక, తర్వాత ఉరుకు. రోజులు చాలవని తెలుసు. తెలిసీ ఉరికాను, ఇంకేం చేస్తాను? అవ్వ రోజూ గ్రౌండు దాకా వచ్చి గట్టు మీద కూర్చునేది, ఒళ్లో చాటతో. నేను చుట్టు తిరిగి ఆమె ముందు నుంచి పోతుంటే బీడీ చుట్టడం ఆపి చూసేది.

ఈవెంట్స్ రోజు పొద్దున్నే కామారెడ్డి దిగాం. ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. నేను లోపలికి వెళ్లి, టీషర్టు మీద నంబరు కోటు వేసుకుని వరుసలో నిలబడ్డాను. రెండు చుట్లు. మొదటి చుట్టులో ముందున్నవాళ్లలోనే ఉన్నాను. రెండో చుట్టు సగంలో కాళ్లు బరువెక్కాయి. ఒకమ్మాయి నన్ను దాటింది, తర్వాత ఇంకో అమ్మాయి. ఊపిరి ఉంది, గుండె ఉంది, కాళ్లే లేవు. గీత కనిపిస్తూనే ఉంది. నేను దాని దగ్గరికి వెళ్లేసరికి టైము అయిపోయింది. కొంచెంలోనే పోయింది. కొంచెమైతే మాత్రం ఏం, పోయింది పోయినట్టే. నంబరు కోటు తీసేసుకుని పక్కకు పంపారు.

ఎందుకు పోయిందో నాకు తెలియదు. ఆ పసుపు గంజి తాగిన వారాలవల్లా? దవడ వల్లా? అసలు పడకపోయినా నేను ఆ గీత దాటేదాన్నో లేదో ఎవరు చెప్పగలరు? గేటు దాకా నడుస్తూ ఒకటే అనుకున్నాను, ఈమె తలకు ఇంకో చావులాంటిది ఎత్తకూడదు.

అవ్వ గేటు దగ్గర లేదు. ఎదురుగా కడుతున్న బిల్డింగు మెట్ల మీంచి దిగొచ్చింది. ఏమైందని అడగలేదు. బస్టాండు దాకా నడిచాం. బెంచీ మీద కూర్చున్నాక నేనే చెప్పాను.

"కాలు పట్టేసిందవ్వా. రెండో చుట్టుల ఒక్కసారే పట్టేసింది. లేకుంటే అయిపోతుండె."

"పట్టెయ్యలే బిడ్డా," అంది. "మెట్లెక్కి సూసిన. నువ్వు కుంటలే. నీకు బలం సాలలే." కొంగు ముడి విప్పి బస్సు పైసలు తీస్తూ, "మీ బాపుకు పెట్టి తప్పు జేసిన, నీకు పెట్టక తప్పు జేసిన," అంది.

కాదు, కాదవ్వా, నీ వల్ల కాదు అని అరిచాను. నోరు బాగా తెరుచుకుంది, మాట సాఫుగా వచ్చింది, బస్టాండులో అందరూ తిరిగి చూశారు. అవ్వ నా వైపు చూసి తల ఊపింది.

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.